జంబేరి మడిలో తెల్ల మొలకలు: విత్తనం తప్పా, క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ తప్పా?

నర్సరీ_గార్లదిన్నె
మా జంబేరి (చీనీ అంటుకు అడుగు మొక్కగా వాడే నిమ్మజాతి) మడిలో ఈసారి కొన్ని మొలకలు పాలలాగా తెల్లగా వస్తున్నాయి. పసుపు కాదు, తెలుపే. నిన్న ఒక మడి మొత్తం కూర్చుని లెక్కపెట్టాను, 412 మొలకల్లో 57 తెల్లవి. రెండు మూడు ఆకులు వేస్తాయి, అక్కడే ఆగిపోతాయి, మూడు నాలుగు వారాలకు వాలిపోతాయి. విత్తనాలిచ్చినాయనకు ఫోన్ చేస్తే "అది జన్యులోపం, క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ చెడిపోయి ఉంటుంది, ఎవరూ ఏమీ చేయలేరు" అని పెట్టేశాడు. తెల్లవి చచ్చిపోతే పోనీ. నా టెన్షన్ పచ్చగా ఉన్న వాటి గురించి. జన్యులోపమే అయితే అది వాటిలో కూడా దాక్కుని ఉంటుందా? వాటి మీద చీనీ అంటు కట్టి రైతులకు అమ్ముతాను, ఐదారేళ్ల తర్వాత తోటలో తేడా వస్తే వాళ్లు నా ఇంటి ముందుకొచ్చి నిలబడతారు. తెలిసినవాళ్లు చెప్పండి.

చెనక్కాయ_కదిరి
ఇనుము లోపం అన్నా. మా చెనక్కాయ చేన్లో సున్నం ఎక్కువున్న పక్క ప్రతి ఏడూ ఇదే గోల. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టు, పచ్చబడతాయి.

నర్సరీ_గార్లదిన్నె
కొట్టాను కదిరన్నా, ఏమీ మారలేదు. పైగా ఇనుము లోపమైతే ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోతుంది కదా. వీటికి ఈనెలు కూడా తెల్లగానే ఉన్నాయి. ఒకే మట్టిలో, జానెడు దూరంలో, ఒకటి ముదురు పచ్చ, పక్కది తెలుపు. మట్టి లోపమైతే రెండూ పాలిపోవాలి.

బాటనీ_కర్నూలు
మీ విత్తనాలాయన అన్నమాటలో సగమే నిజం ఉందన్నా. నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను, ఈ క్లోరోప్లాస్ట్ అంటే నాకు చాలా ఇష్టం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపికగా చదవండి.

ఆకులో పచ్చదనం ఉండేది క్లోరోప్లాస్టులలో. ముదిరిన ఆకు కణం ఒక్కదానిలోనే అవి పదుల నుంచి వంద దాకా ఉంటాయి. ఒకప్పుడు విడిగా బతికిన సైనోబాక్టీరియా లాంటి జీవిని ఇంకో కణం లోపలికి తీసుకుని అరిగించుకోకుండా ఉంచేసుకుంది, వంద కోట్ల ఏళ్లకు పైగా గడిచినా అది ఇంకా తన సొంత డీఎన్ఏను కొంత దాచుకునే ఉంది. 1986లో పొగాకులోదీ, మార్కాన్షియా అనే నాచులాంటి చిన్న మొక్క (లివర్‌వర్ట్)లోదీ మొదటిసారి పూర్తిగా చదివారు, రెండూ జపాన్‌లోనే. పొగాకుది సుమారు 1,56,000 డీఎన్ఏ అక్షరాలు (బేస్ జతలు), మార్కాన్షియాది 1,21,000. అందులో ప్రోటీన్లకు పనికొచ్చే జన్యువులు 80 దాకా మాత్రమే. కానీ క్లోరోప్లాస్ట్ పని చేయాలంటే కొన్ని వేల రకాల ప్రోటీన్లు కావాలి. మిగతావన్నీ న్యూక్లియస్‌లోని జన్యువుల నుంచి తయారై బయటి నుంచి లోపలికి వస్తాయి.

గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టే రుబిస్కోనే చూడండి. దాని పెద్ద ముక్కకు జన్యువు క్లోరోప్లాస్ట్‌లో ఉంది, చిన్న ముక్కకు జన్యువు న్యూక్లియస్‌లో ఉంది. రెండిళ్ల నుంచి సామాను వస్తేనే వంట. కాబట్టి ఆకు తెల్లబడిందంటే తప్పు ఏ ఇంటిదైనా కావచ్చు. చూడకుండా "క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ" అనేస్తే ఎలా?

తుంగభద్ర_72
చదవడానికి బాగుందమ్మా. కానీ ఆయన దగ్గర మడి ఉంది, ల్యాబ్ లేదు. పచ్చవి అమ్మొచ్చా, వద్దా? దానికి జవాబు ఏది?

పెన్నాతీరం
ల్యాబ్ అక్కర్లేదు. 30 ఏళ్లు కడపలో పిల్లలకు పాఠం చెప్పాను, ఈ విషయంలో వంశం ఎటు నడుస్తుందో చూస్తే చాలా దూరం తెలిసిపోతుంది. మన పెరళ్లలో సాయంత్రం పూసే చంద్రకాంత ఉంది కదా, దాని మీదే 1909లో జర్మనీలో కార్ల్ కోరెన్స్ ఈ పని చేశాడు. ఒకే మొక్కలో పచ్చ కొమ్మలు, తెల్ల కొమ్మలు, రెండూ కలిసిన చారల కొమ్మలు. ఏ పుప్పొడి తెచ్చి వేసినా గింజ ఏ కొమ్మ మీద కాసిందో ఆ కొమ్మలాగే పిల్లలు వచ్చాయి. తెల్ల కొమ్మ గింజకు తెల్ల మొలకే. చారల కొమ్మ గింజలకు మూడు రకాలూ వచ్చాయి. తండ్రి మాట ఎక్కడా చెల్లలేదు. కారణం క్లోరోప్లాస్టులు అండంలో నుంచి వస్తాయి, పుప్పొడిలో నుంచి దాదాపు రావు.

అందుకే నర్సరీ నాయనా, నీకు రెండు ప్రశ్నలు. కాయలు కోసిన తల్లి చెట్టు మీద ఎక్కడైనా తెల్ల చారల కొమ్మ ఉందా? ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలు వచ్చిన చోట ఒకటి తెలుపు, ఒకటి పచ్చగా ఉన్నాయా, లేక అన్నీ ఒకే రంగా?

మైదుకూరు_మల్లి
మా ఇంట్లో చంద్రకాంత ఉంది, గులాబీ, పసుపు చుక్కలు కలిసి పూస్తుంది. అది కూడా ఇదేనా సార్?

పెన్నాతీరం
అది పువ్వు రంగు తల్లీ, న్యూక్లియస్ పని. ఆకు మీద తెల్ల చారలుంటే చెప్పు.

మైదుకూరు_మల్లి
ఆకు పచ్చగానే ఉంది. కానీ మనీ ప్లాంటులో ఒకసారి బాగా తెల్లగా వచ్చిన తీగ ముక్క అందంగా ఉందని విడిగా నాటాను. నెల తిరక్కుండా పోయింది. పచ్చ మచ్చలున్న ముక్క మాత్రం బతికింది. అప్పుడు నీళ్లు ఎక్కువయ్యాయేమో అనుకున్నా, ఇప్పుడు అర్థమైంది, దానికి తిండి వండుకునే దిక్కే లేదు పాపం.

ఇంకో సందేహం. మా అవ్వ పెళ్లిళ్లకు పాలికల మట్టిలో నవధాన్యాలు చల్లి గంప బోర్లించేది. మొలకలు పసుపుపచ్చగా, సన్నగా, పొడుగ్గా వచ్చేవి. ఎండలో పెడితే ఆ పూటకే పచ్చదనం తిరిగేది. వాటికి జన్యువు చెడలేదు కదా, మరి ఎందుకలా?

బాటనీ_కర్నూలు
మల్లక్కా, ఎంత మంచి ప్రశ్న! అక్కడ జన్యువులన్నీ బాగున్నాయి, వాటిని నడిపించే స్విచ్చు ఆగి ఉంది. పూలు పూసే మొక్కల్లో పత్రహరితం తయారీలో ఒక మెట్టు ఉంది, ఆ ఎంజైము పని చేయాలంటే దాని మీద వెలుతురు పడి తీరాలి. చీకట్లో ఆ మెట్టు దగ్గరే సరుకు ఆగిపోతుంది. అంతే కాదు, చీకట్లో కాప్1 అనే ప్రోటీన్ ఒకటి, పచ్చదనానికి కావలసిన జన్యువులను లేపే హెచ్‌వై5 అనే ప్రోటీన్‌ను దొరికినది దొరికినట్టు నాశనం చేయిస్తూ ఉంటుంది. ఎర్ర వెలుతురు, సుమారు 660 నానోమీటర్లది, పడగానే ఫైటోక్రోమ్ అనే, వెలుతురును పసిగట్టే ప్రోటీన్ దాన్ని గుర్తుపట్టి కాప్1 చేతులు కట్టేస్తుంది. హెచ్‌వై5 నిలబడుతుంది, జన్యువులు వరసగా మేలుకుంటాయి. మొలక పొడుగు సాగడం మానేసి ఆకు విప్పుతుంది. మీ అవ్వ గంప ఎత్తినప్పుడు లోపల ఇంత జరిగేది.

గార్లదిన్నె అన్న మొలకలు మాత్రం ఇలాంటివి కావు. పచ్చవీ తెల్లవీ ఒకే షేడ్‌నెట్ కింద ఉన్నాయి, వెలుతురు అన్నిటికీ ఒకటే.

పత్తిచేను_ఆదోని
తల్లి నుంచి మాత్రమే వచ్చే లక్షణం అంటే జొన్న హైబ్రిడ్ విత్తనంలో మగ గొడ్డుతనం (పుప్పొడి పనిచేయకపోవడం) వాడతారు కదా, అదీ క్లోరోప్లాస్టేనా? మా దగ్గర విత్తనాల ప్లాట్లు పెట్టేవాళ్లు ఆడ వరస, మగ వరస అంటారు.

పెన్నాతీరం
తల్లి నుంచి రావడం నిజమే, కానీ అది మైటోకాండ్రియా డీఎన్ఏ. మొక్క కణంలో డీఎన్ఏ ఉండే చోట్లు మూడు: న్యూక్లియస్, మైటోకాండ్రియా, క్లోరోప్లాస్ట్. వెనుకటి రెండూ ఎక్కువగా తల్లి వెంట పోతాయి కాబట్టి చాలామంది కలిపేస్తారు. తప్పేం లేదు, మా కాలేజీలోనూ ఏటా కలిపేసేవాళ్లు.

పత్తిచేను_ఆదోని
మరి బీటీ జన్యువు?

బాటనీ_కర్నూలు
మన బీటీ పత్తిలో అది న్యూక్లియస్‌లో ఉంది అన్నా, అందుకే పుప్పొడితో కూడా పోతుంది. క్లోరోప్లాస్ట్‌లో పెట్టే పద్ధతి వేరే ఉంది, 1990లో స్వాబ్, మలీగా పొగాకులో చేసి చూపించారు. సన్నటి లోహపు రేణువులకు డీఎన్ఏ పూసి తుపాకీతో ఆకులోకి కొడతారు. అక్కడ పెడితే పుప్పొడిలో బయటికి పోదు, పక్క చేలకు భయం ఉండదు.

తుంగభద్ర_72
"పోదు" అని అంత గట్టిగా అనొద్దమ్మా. కోరెన్స్ రాసిన ఏడాదే, అదే 1909లోనే, ఎర్విన్ బవుర్ పెలర్గోనియం మొక్కలో తండ్రి వైపు నుంచి కూడా క్లోరోప్లాస్టులు వస్తాయని చూపించాడు. పైన్ జాతి చెట్లలో అయితే ఎక్కువగా తండ్రి నుంచే. పొగాకులోనే ఇంకో సంగతి ఉంది. 2003లో ఆస్ట్రేలియాలో లెక్కగట్టారు, సుమారు 16,000 పుప్పొడి రేణువుల్లో ఒకదానిలో క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ ముక్క న్యూక్లియస్‌లోకి దూకి కనిపించింది. "చాలావరకు పోదు" అను, ఒప్పుకుంటా.

బాటనీ_కర్నూలు
ఒప్పుకున్నా సార్. "చాలావరకు" అని దిద్దుకుంటున్నా. మీరు ల్యాబ్ లేదు అన్నప్పుడు ఇదంతా వద్దంటున్నారేమో అనుకున్నా, మీకే ఎక్కువ తెలుసు!

తుంగభద్ర_72
నాకు తెలిసింది కలుపు మందుల వల్ల. మొక్కజొన్నలో అట్రాజిన్ కొడతాం కదా, అది పోయి అతుక్కునేది క్లోరోప్లాస్ట్ జన్యువు తయారుచేసే డీ1 ప్రోటీన్‌కే. ఆ ప్రోటీన్‌లో 264వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం బదులు గ్లైసీన్ వచ్చిందంటే మందు పట్టు జారిపోతుంది, కలుపు నవ్వుతూ నిలబడుతుంది. అమెరికాలో తోటకూర జాతి కలుపులో 1983లోనే ఈ ఒక్క అక్షరం మార్పును పట్టుకున్నారు. అది కూడా గింజతోనే, తల్లి వైపు నుంచే పాకుతుంది. మా పక్క చేనాయన తోటకూర చావడం లేదంటే ఇదేనేమో అని చాలా చదివాను. తీరా చూస్తే ఆయన కలుపు మోకాలెత్తు పెరిగాక కొడుతున్నాడు. అందుకే అంటున్నా, జన్యువు మీద నింద వేసే ముందు చేను చూడాలి.

నర్సరీ_గార్లదిన్నె
పెన్నాతీరం సార్, బండేసుకుని వెళ్లి చూసొచ్చాను. తల్లి చెట్టు ఒకటే, పెద్దది, చుట్టూ తిరిగి చూశాను, ఒక్క చార కూడా లేదు, నల్లగా నిగనిగలాడుతోంది. జంట మొలకలు తవ్వి చూశాను. తెల్లవి ఉన్న చోట ఎక్కువగా రెండూ తెల్లవే. ఇంకో సంగతి, ఆ తోట కాపలా మనిషి చెప్పాడు, కాయలు కోయలేదట, కింద రాలినవి ఏరి గోతాంలో వేసి వారం ఉంచి తర్వాత గింజ తీశారట.

బాటనీ_కర్నూలు
అన్నా, ఈ వివరాలు చాలా విలువైనవి. జంబేరిలో ఒక గింజలో చాలా పిండాలుంటాయి, అందులో ఎక్కువ భాగం తల్లి కణజాలం నుంచి నేరుగా పుట్టేవి, అంటే అచ్చంగా తల్లి నకళ్లు. పుప్పొడికి వాటితో సంబంధమే లేదు. న్యూక్లియస్‌లో లోపం దాగి ఉండి బయటపడాలంటే తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి చెడ్డవి కలవాలి, అది పుప్పొడి కలిసిన పిండంలోనే కుదురుతుంది. నకలు పిండాలు తల్లి ఎలా ఉంటే అలాగే, అంటే పచ్చగానే రావాలి. ఎక్కువ మొలకలు నకళ్లైన చోట 412లో 57 తెల్లవి, అదీ జంటకు జంట తెల్లగా రావడం అంటే దాగిన లోపానికి సరిపోదు. ఇక క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ అనుకుంటే తల్లి చెట్టులో చారలు కనిపించాలి, లేవు. రెండు దారులూ మూసుకుపోతున్నాయి.

పెన్నాతీరం
భేష్. ఒక్కటి కలుపుతాను. ఈ రెండు దారులూ ఎప్పుడూ ఇంత విడివిడిగా ఉండవు. మొక్కజొన్నలో ఐయోజాప్ అనే న్యూక్లియస్ జన్యువు ఉంది, అది చెడితే క్లోరోప్లాస్టులు పాడవుతాయి. 1943లో రోడ్స్ చూపించిందేమిటంటే, తర్వాతి తరంలో ఆ జన్యువు బాగుపడినా పాడైన క్లోరోప్లాస్టులు బాగుపడలేదు, తల్లి వెంట అలాగే తెల్లగా దిగాయి. అయినా అక్కడ కూడా చారల మొక్క కంటికి కనబడుతుంది. మన చెట్టు శుభ్రంగా ఉంది.

కోడూరు_అంట్లు
ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నా, రాలిన కాయ అనగానే రాస్తున్నా. కోడూరులో మా నాయన కాలం నుంచి అంట్లు కడుతున్నాం. రాలిన కాయల గింజ వేస్తే తెల్ల మొలకలు వస్తాయి, చెట్టు మీద పండిన కాయ కోసి అదే రోజు గింజ తీసి కడిగి నీడలో ఆరబెడితే రావు. మా నాయన "నేల తాకిన కాయ గింజ మడికి పనికిరాదు" అని కూలీలతో కొట్లాడేవాడు. కారణం ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

పెన్నాతీరం
కారణం ఉంది నాయనా, మీ నాయన చెప్పింది అక్షరాలా నిజం. నిమ్మజాతి మొలకలు తెల్లబడటానికీ, గింజ తోలు మీద పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజుకూ సంబంధం ఉందని 1959 నుంచే రాస్తున్నారు. గింజ మొలిచే వేళ ఆ బూజు వదిలే విషం మొలకలోకి చేరి క్లోరోప్లాస్టులు తయారు కాకుండా అడ్డుపడుతుంది. జన్యువులు ఎక్కడివక్కడే ఉన్నాయి, చదివి పని చేయించే వేళకు విషం అడ్డం పడింది. రాలిన కాయ, గోతాంలో వారం మగ్గింది, తడి, వేడి, ఆ బూజుకు ఇంతకన్నా ఏం కావాలి?

చెనక్కాయ_కదిరి
ఆస్పర్జిల్లస్ ఫ్లేవసా! అది మా చెనక్కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం తెచ్చేది కదా సార్. ఆ పచ్చ బూజు వల్ల మా రైతులు ధర పోగొట్టుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. విత్తనం బూజు పట్టినది వేస్తే మొలక పొట్టిగా, పాలిపోయి వస్తుంది, ఆకు చిన్నదై ముడుచుకుంటుంది. ఇనుము అని మొదట తొందరపడ్డాను, మా చేన్లో దొంగే నీ మడిలో కూడా ఉన్నాడన్నా.

పెన్నాతీరం
అదే దొంగ. ఇప్పుడు ఊహ మీద ఆగొద్దు. మూడు ట్రేలు పెట్టు నాయనా. మొదటిది రాలిన కాయల గింజ, ఏమీ కలపకుండా. రెండోది అదే గింజ, కిలోకు 3 గ్రాముల థైరమ్ అనే బూజు మందు పట్టించి. మూడోది అదే చెట్టు మీద కోసిన కాయల గింజ, థైరమ్ పట్టించి. మట్టి, నీళ్లు, నీడ మూడింటికీ ఒకటే. ట్రేకు 100 గింజలు.

పత్తిచేను_ఆదోని
ఈలోగా ఒకటి అడుగుతా. చెనక్కాయలో క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ, పప్పుశనగలో క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ ఒకటేనా? రెండూ ఒకే కుటుంబం కదా.

బాటనీ_కర్నూలు
చాలా దగ్గర, కానీ పొడుగులో పెద్ద తేడా ఉందన్నా. చెనక్కాయది సుమారు 1,56,000 అక్షరాలు, పప్పుశనగది 1,25,000 చిల్లర. మామూలుగా క్లోరోప్లాస్ట్ డీఎన్ఏలో ఒక పెద్ద భాగం రెండుసార్లు, ఎదురెదురుగా రాసి ఉంటుంది. పప్పుశనగ, బఠాణీ వంశంలో ఎప్పుడో ఒక కాపీ ఊడిపోయింది, మొక్క మాత్రం హాయిగా బతుకుతోంది. ఇంకో అందమైన సంగతి: సాగు చెనక్కాయ రెండు అడవి జాతులు కలిసి పుట్టింది, అందులో తల్లి ఎవరో తేల్చడానికి సాయపడింది కూడా ఈ క్లోరోప్లాస్ట్ డీఎన్ఏనే. తల్లి డ్యూరనెన్సిస్, తండ్రి ఇపెయెన్సిస్.

చెనక్కాయ_కదిరి
మా చెనక్కాయకు అమ్మ పేరు ఇన్నేళ్లకు తెలిసింది. ఇంట్లో చెప్తాను.

నర్సరీ_గార్లదిన్నె
ఆరు వారాలైంది, ట్రేలు తేలాయి. మొదటి ట్రేలో 131 మొలకల్లో 19 తెల్లవి. రెండో ట్రేలో 138లో 2. మూడో ట్రేలో 140 మొలకలు, ఒక్కటి కూడా తెల్లది లేదు. పొద్దున మూడో ట్రే ముందు కూర్చుని మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. రెండో ట్రేలో ఆ 2 ఎందుకు వచ్చాయి సార్, మందు సరిగ్గా పట్టలేదా?

పెన్నాతీరం
బూజు కొన్ని గింజల్లో తోలు దాటి లోపలికి పోయి ఉంటుంది, పైపూత మందు అక్కడికి చేరదు. లేదా ఎప్పుడో అరుదుగా వచ్చే నిజమైన జన్యు మార్పు కూడా కావచ్చు. రెండు మొలకలతో తేల్చలేం.

తుంగభద్ర_72
నా మొదటి ప్రశ్నకు జవాబు చెప్పండి మరి. పాత మడిలో పచ్చవి అమ్మొచ్చా?

పెన్నాతీరం
అమ్మొచ్చు. విషం ఆ ఒక్క మొలకకు తగిలిన దెబ్బ, డీఎన్ఏలోకి రాసుకున్నది కాదు, తర్వాతి కొమ్మకు పోదు. పచ్చగా, బలంగా ఎదిగిన మొలకలో దాగి ఉండేదేమీ లేదు. పొట్టివి, పాలిపోయినవి, వేరు వంకర తిరిగినవి మాత్రం మామూలుగా ఏరేసినట్టే ఏరెయ్.

కోడూరు_అంట్లు
గింజ కొనేటప్పుడు కాయ కోసిందా, రాలిందా అని ఇకమీదట కళ్లతో చూసి కొను తమ్ముడూ. కావాలంటే మా దగ్గర తల్లి చెట్లున్నాయి, నువ్వే వచ్చి కోసుకో.

బాటనీ_కర్నూలు
అన్నా, ఆ రెండు తెల్ల మొలకలు పారేయకండి ప్లీజ్. మా ల్యాబులో డీఎన్ఏ తీయడం నేర్చుకుంటున్నాం, తెల్లదీ పచ్చదీ పక్కపక్కన పెట్టి క్లోరోప్లాస్ట్ జన్యువులు కొన్ని చూస్తాను. వాడిపోక ముందే కావాలి.

నర్సరీ_గార్లదిన్నె
తప్పకుండా తల్లీ. మూడో ట్రేలో నుంచి రెండు పచ్చవి కూడా తీసి నాలుగింటినీ తడి గుడ్డలో చుట్టి రేపు పొద్దున కర్నూలు బస్సులో పెడతాను. ఎక్కడ దింపించాలో నాకు విడిగా మెసేజ్ చెయ్యి. కోడూరన్నా, కాయ పండే టైముకు నేనే వస్తా. పాత మడిలో పచ్చవి ఈ ఆదివారం నుంచి కవర్లలోకి మారుస్తున్నాను.